మూలనున్న ఎర్ర బంతి

మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్ పై అంతస్తులో ఒక పెద్ద గది ఉంది. ఒక పక్క టేబుల్ టెన్నిస్ బల్ల, ఇంకో పక్క ఆకుపచ్చ గుడ్డ బిగించిన పూల్ బల్ల. ఇల్లు మారిన కొత్తలో మా వారు రాత్రి భోజనం చేసి "పూల్‌కి వెళ్ళొస్తానమ్మా" అంటే మా అత్తగారు, "అన్నం తినగానే ఈతేంట్రా, అదీ రాత్రి పూట!" అని కోప్పడేవారు. కర్రతో బంతులు కొట్టే ఆట అని చెప్పాక, "దానికి అంతసేపా?" అని ఇంకొంచెం కోప్పడ్డారు.

ఆరేళ్ళపాటు ఆ గదిలోకి మేం ఆడవాళ్ళం వెళ్ళిందల్లా పిల్లల్ని, పిల్లల తండ్రుల్ని అన్నానికి పిలవడానికే. రావద్దని ఎవరూ అనలేదు. రమ్మనీ ఎవరూ అనలేదు. వేసవి సెలవుల్లో మా అమ్మాయి నన్ను పట్టుకుని లాక్కెళ్ళింది. వాళ్ళ కాలేజీలో ఆడుతుందట. పదకొండు నుంచి ఒంటిగంట దాకా ఆ గది ఖాళీ. మగవాళ్ళు ఆఫీసుల్లో, కూరలు అప్పటికే పొయ్యి దిగి ఉంటాయి, పెద్దవాళ్ళు టీవీ ముందు. మొదట నేనూ మా అమ్మాయీ, తర్వాత ఎదురింటి వదినగారు, తర్వాత పై అంతస్తు నుంచి ఇద్దరు. కాలేజీ తెరిచి మా అమ్మాయి వెళ్ళిపోయినా మేం మానలేదు. చీరకొంగు బంతికి తగిలినా ఫౌలే అని తెలిశాక కొంగు నడుముకి దోపుకుని ఆడటం అలవాటైంది.

ఆట తెలియనివాళ్ళకి క్యారమ్స్‌తో పోల్చి చెప్తే త్వరగా అర్థమవుతుంది. మేం ఆడేది ఎయిట్ బాల్. పదిహేను రంగు బంతులు, ఒక తెల్ల బంతి. ఒకటి నుంచి ఏడు దాకా నిండు రంగువి, తొమ్మిది నుంచి పదిహేను దాకా చారలవి. ఒకరికి నిండువి, ఇంకొకరికి చారలవి. తమ ఏడూ వేసుకున్నాకే నల్లగా ఉండే ఎనిమిదో నంబరు వెయ్యాలి. ముందే అది పడిందా, ఆట పోయినట్టే. ఇంతవరకూ రెడ్డూ ఫాలో గొడవ లేని క్యారమ్స్ లాగే ఉంటుంది.

తేడా ఎక్కడంటే స్ట్రైకర్ దగ్గర. క్యారమ్స్‌లో ప్రతిసారీ స్ట్రైకర్ మన చేతికి వస్తుంది. మన గీత మీద మనకి నచ్చినచోట పెట్టుకుంటాం. పూల్‌లో తెల్ల బంతి ఎక్కడ ఆగితే అక్కడే. తర్వాతి దెబ్బ ఎవరిదైనా అక్కడి నుంచే కొట్టాలి. అందుకని ప్రతి దెబ్బకీ రెండు పనులు. రంగు బంతిని ఏం చేశాం అనేది ఒకటి, తెల్లదాన్ని ఎక్కడ వదిలాం అనేది రెండోది. మన వంతు పోయేటప్పుడు తెల్ల బంతి ఆగిన చోటు అవతలివాళ్ళ చేతిలో మనం పెట్టే తాంబూలం. అందులో వక్క ఉందా, రాయి ఉందా అన్నది మన చేతిలోనే ఉంది.

ఆ రాయి పెట్టే దెబ్బనే సేఫ్టీ అంటారు. బంతి వెయ్యాలని కొట్టం. తెల్ల బంతిని ఏ చాటునో, ఏ అంచుకో నక్కించి, వాళ్ళకి తమ బంతి తిన్నగా కనపడకుండా చేస్తాం. వాళ్ళు గోడకి కొట్టి తిప్పి తగిలించాలి. తగలకపోతే ఫౌల్. ఫౌలైతే తెల్ల బంతిని మనం చేత్తో తీసుకుని బల్ల మీద ఎక్కడైనా పెట్టుకోవచ్చు. అంతకన్నా వరం ఉండదు.

ఇక్కడ నాకు బాగా నచ్చిన నియమం ఒకటుంది. సేఫ్టీ ఆడుతున్నాను కదా అని ఊరికే మన బంతిని ముట్టుకుని వదిలేస్తే కుదరదు. తెల్ల బంతి ముందు మన బంతికి తగలాలి, ఆ తర్వాత ఏదైనా బంతి అంచునైనా తాకాలి, గుంటలోనైనా పడాలి. లేకపోతే అదీ ఫౌలే. అంటే రక్షణ పేరు చెప్పి ఏమీ చెయ్యకుండా కూర్చోవడం ఈ ఆటలో నేరం. బల్ల మీద ఏదో ఒకటి మారాలి.

మా అమ్మమ్మగారి ఊళ్ళో అరుగు బండ మీద పులి-మేక గళ్ళు చెక్కి ఉండేవి. మూడు పులులు, పదిహేను మేకలు. మేక దేన్నీ చంపలేదు. దానికున్న బలమల్లా అడ్డం నిలబడటమే. అయినా మా అమ్మమ్మ ఎప్పుడూ మేకలే తీసుకునేది. పులులు ఎగిరెగిరి నాలుగు మేకల్ని తినేసి గెలిచామనుకునేలోపు, కదలడానికి గడి లేకుండా మూడింటినీ కట్టేసేది. సేఫ్టీ గురించి మా అమ్మాయి మొదటిసారి చెప్పినప్పుడు నాకు ఆ బండే గుర్తొచ్చింది.

పూల్‌కి పెద్దన్న లాంటి స్నూకర్ పుట్టింది మన దేశంలోనే. 1875లో జబల్‌పూర్‌లో, నెవిల్ చాంబర్లేన్ అనే బ్రిటిష్ సైనికాధికారి మొదలుపెట్టాడంటారు. ఊటీ క్లబ్బులో నియమాలు రాసుకున్నారు. తెల్ల బంతి వేరే బంతి చాటున ఇరుక్కుంటే "స్నూకర్ అయింది" అనే మాట అక్కడిదే. అంటే అడ్డుకోవడానికి తన పేరునే ఇచ్చిన ఆట! మన ఆడపిల్లలూ ఇందులో తక్కువేం కాదు. 2017లో సింగపూర్‌లో మహిళల ప్రపంచ స్నూకర్ ఫైనల్ దాకా మన విద్యా పిళ్ళై వెళ్ళింది. హాంకాంగ్‌కి చెందిన ఎన్జీ ఆన్-యీతో ఆడి 5-6తో పోగొట్టుకుంది. అందులో ఒక ఫ్రేము గంటకు పైగా సాగింది. గంటసేపు ఇద్దరాడవాళ్ళు ఒకరికొకరు దారి ఇవ్వకుండా ఆడారంటే ఆ ఓపిక ఎంతటిదో, ఇంటెడు పని చేసే మనకి వేరే చెప్పాలా.

ఇక మా వారి ఆట. ఆయన బాగా ఆడతారు, అందులో సందేహం లేదు. దూరం బంతులు కూడా టపటపా వేసేస్తారు. కాకపోతే ఆయనకి గుంటలు మాత్రమే కనిపిస్తాయి. బంతి, గుంట, గీత గీసినట్టు దెబ్బ. సేఫ్టీ ఆడేవాళ్ళంటే చిన్నచూపు. "చేతకానివాళ్ళ ఆట అది" అంటారు. వాళ్ళ స్నేహితులంతా అంతే. పడితే చప్పట్లు, పడకపోతే "అబ్బ, కొంచెంలో!" అని చప్పట్లు. అటు చూస్తే చప్పట్లు, ఇటు చూసినా చప్పట్లు. మెల్లగా ముట్టించి చాటుకి చేర్చిన దెబ్బకి మాత్రం ఎవరూ కొట్టరు.

ఆ జనవరిలో రిపబ్లిక్ డేకి అపార్ట్‌మెంటు వాళ్ళు ఆటల పోటీలు పెట్టారు. మొదటిసారి పూల్‌లో దంపతుల పోటీ అన్నారు. జంటలో ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు కొట్టాలి. నేను ఒక దెబ్బ, ఆయన ఒక దెబ్బ. నేను వదిలిన చోటి నుంచి ఆయన, ఆయన వదిలిన చోటి నుంచి నేను. ఇరవై రెండేళ్ళుగా చేస్తున్న సంసారమే కదా అని ఎదురింటి వదినగారు నవ్వారు గానీ, నాకు మటుకు గుండె దడ. మా గుంపులోంచి నలుగురం పేర్లిచ్చాం.

ఆ నెలలోనే మా ఇంట్లో ఇంకో సంగతి నడుస్తోంది. మా వారితో ఇంజనీరింగ్ చదివిన స్నేహితుడొకాయన నగర శివార్లలో ఫుడ్ కోర్టు పెడుతున్నారు. ఈయన్ని వాటా తీసుకోమంటున్నారు. పన్నెండు లక్షలు. మా అమ్మాయి పై చదువుకని బ్యాంకులో వేసిన డిపాజిట్ మార్చిలో తీరుతుంది, సరిగ్గా అంతే. ఆ స్నేహితుడు ఇంటికొచ్చి నా చేతి కాఫీ తాగుతూ, "డబ్బు బ్యాంకులో నిద్రపోతోంది, లేపండి" అన్నారు. నేను "చూద్దాం" అన్నాను. ఆయన వెళ్ళాక మా వారు, "నీకు ప్రతిదానికీ భయమే" అన్నారు. కోపంగా కాదు, జాలిగా అన్నారు. అదే నాకు గుచ్చుకుంది.

సరే, పోటీ సంగతి. రెండు ఆటలు గెలిచి సెమీ ఫైనల్‌కి వచ్చాం. ఎదుట ఐదో అంతస్తు జంట, పెళ్ళయి రెండేళ్ళు. ఇద్దరూ సాఫ్ట్‌వేర్. అబ్బాయి ఆట మా వారి ఆటకి తమ్ముడు. అమ్మాయి మాత్రం మాట్లాడకుండా, ప్రతి దెబ్బకీ ముందు కర్రకి చాక్ రాసుకుంటూ, బల్ల చుట్టూ ఒకసారి తిరిగి వచ్చేది. భయపడాల్సింది ఈ పిల్లకే అనుకున్నాను.

మావి నిండు రంగులు, వాళ్ళవి చారలు. ఆట చివరికొచ్చేసరికి నా వంతు. బల్ల మీద ఏముందో జాగ్రత్తగా చెప్తాను, కావాలంటే ఒక కాగితం మీద గీసుకోండి.

బల్ల ఈ చివర నేను. తెల్ల బంతి నాకు దగ్గర్లోనే, కొంచెం కుడిగా. మావి రెండు మిగిలాయి. ఎర్రది, మూడో నంబరు, అటు చివర ఎడమ మూల గుంట నోట్లోనే కూర్చుని ఉంది. ఊదితే పడేట్టుంది. ఆకుపచ్చది, ఆరో నంబరు, కుడి పక్క పొడుగు అంచుకి వేలెడు దూరంలో ఉంది. దాని ఎడమ భుజానికి ఆనుకుని నల్ల ఎనిమిది. రెండూ అతుక్కుపోయి ఉన్నాయి. ఉన్నది ఉన్నట్టుగా ఆరుని ఏ గుంటలోకీ తియ్యలేం. వాళ్ళవి మూడు: పది, పన్నెండు, పదిహేను. మూడూ అటు చివరే, ఎడమ వైపుగా. పది, పదిహేను ఖాళీగా ఉన్నాయి. ఊదా చారల పన్నెండు మాత్రం ఎడమ అంచు వెంట ఉంది. అది వెళ్ళాల్సింది ఆ ఎడమ మూల గుంటలోకే. ఆ గుంట నోట్లో మా ఎర్ర బంతి కూర్చుంది.

మా వారు నా చెవి దగ్గరికొచ్చి, "ఎరుపు వేసెయ్. చేతిలో ఉన్నదే. కొంచెం గట్టిగా కొట్టావంటే తెల్లది తిరిగొచ్చి ఆరునీ ఎనిమిదినీ విడగొడుతుంది, తర్వాత నేను చూసుకుంటాను" అన్నారు.

ఆ మాటలో తప్పేం లేదు. పెద్ద ఆటగాళ్ళు అలాగే చేస్తారు. కానీ మధ్యాహ్నాలు మా అమ్మాయి నాకు ఒక లెక్క నేర్పింది. ఒక్క దెబ్బ పదింట్లో ఎన్నిసార్లు పడుతుందని కాదు, చివరి దాకా వెళ్ళడానికి ఎన్ని దెబ్బలు కావాలి, అన్నీ వరసగా ఎన్నిసార్లు పడతాయి అని లెక్కేసుకోమనేది. ఏడుసార్లు పడే దెబ్బలు మూడు వరసగా పడాలంటే పదింట్లో మూడున్నరకన్నా తక్కువ. ఏడు అనగానే ఎక్కువే అనిపిస్తుంది, మూడు వరసగా అనేసరికి కరిగిపోతుంది.

ఇక్కడ ఎరుపు పదింట్లో తొమ్మిది సార్లు వేస్తాను. తెల్లది బల్లంతా తిరిగొచ్చి ఆ రెండింటినీ విడదీసి, మా వారికి ఆరు అందేలా ఆగడం, నా చేతికి, పదింట్లో మూడు. అదీ దేవుడు దయ తలిస్తే. ఆ పైన ఆరు వెయ్యాలి, ఎనిమిది వెయ్యాలి, చెరో ఆరు అనుకుందాం. అన్నీ కలిపి గుణిస్తే పదింట్లో ఒకటి కూడా లేదు. సరే, మిగతా తొమ్మిదిసార్లు ఏమవుతుంది? ఎర్ర బంతి గుంటలోకి పోయింది కాబట్టి పన్నెండుకి దారి తెరుచుకుంటుంది. చూడ్డానికి ఆ ఎర్ర బంతి ఏ పనీ చెయ్యకుండా గుంట నోట్లో కూర్చుని ఉంది. నిజానికి బల్ల మీద మాకోసం పనిచేస్తున్నది అదొక్కటే. వాళ్ళ దారికి బిరడా. దాన్ని నా చేత్తో నేనే తీసేస్తే వాళ్ళకి మూడు ఖాళీ బంతులు, మాకు ఇరుక్కున్న ఒక్క బంతి.

ఇంతా నేను అక్కడ నిలబడి గుణించానని కాదు. గుణకారం ఎప్పుడో మధ్యాహ్నాల్లో చేతికి అలవాటైపోయింది. పప్పులో ఉప్పు ఎంతో చెంచా చూడకుండా తెలిసినట్టు.

"సేఫ్టీ" అన్నాను. ఆ మాట ముందే పైకి చెప్పి ఆడవచ్చు. గదిలో ఎవరో ఇకిలించారు. "వదినగారు భయపడ్డారు" అని వెనకనుంచి ఒక మగ గొంతు. మా వారు ఏమీ అనలేదు, కర్ర భుజాన వేసుకుని గోడకి ఆనుకున్నారు. ఆ నిలబడటం నాకు తెలుసు. పెళ్ళిళ్ళలో నేను చీరల కొట్టు దగ్గర ఆగితే అలాగే నిలబడతారు.

ఆ దెబ్బ నిజంగా కష్టం. గట్టి దెబ్బ కొంచెం అటూ ఇటూ అయినా బలం కాస్త కప్పిపుచ్చుతుంది, మెత్తటి దెబ్బ ఏదీ దాచదు. తెల్లది మెల్లగా వెళ్ళి ఆరుని ముట్టుకోవాలి. ఆరు ఎనిమిది నుంచి ఊడి, అంచుని తాకి, అంచు వెంట కొంచెం ముందుకి పోవాలి. అంచు తాకకపోతే ఫౌల్, గుర్తుంది కదా. తెల్లది మాత్రం అక్కడే ఆగి, ఎనిమిది పక్కన నక్కాలి. పాలు పొంగే ముందు మంట తగ్గించేంత బలం. అంతే ఇచ్చాను.

ఆరు అంచుని తాకింది, జానెడు ముందుకి జరిగి ఆగింది. తెల్లది ఎనిమిదికి వెంట్రుకవాసి దూరంలో నిలిచింది. ఎడమకి చూస్తే ఎనిమిది, ముందుకి చూస్తే ఆరు, కుడికి గోడ. వాళ్ళ బంతి ఒక్కటీ తిన్నగా కనపడదు.

గదిలో ఒక్క చప్పట్ కూడా లేదు. ఐదో అంతస్తు అమ్మాయి ఒక్కతీ నా వైపు చూసి తల ఊపింది. నాకది చాలు.

వాళ్ళబ్బాయి వంతు. గోడకి కొట్టి తిప్పి పదిహేనుకి తగిలించబోయాడు. రవ్వంతలో తప్పింది. ఫౌల్. తెల్ల బంతి మా వారి చేతికొచ్చింది. ఇప్పుడు ఎక్కడైనా పెట్టుకోవచ్చు. ఆయన నేరుగా ఎర్ర బంతి వైపు నడిచారు! "ఏమండీ" అన్నాను. ఆగారు. బల్లంతా ఒకసారి చూశారు. వెనక్కొచ్చి, ఊడిన ఆరుకి ఎదురుగా తెల్లది పెట్టి, ఆరు వేశారు. తర్వాత నా వంతు, అప్పుడు ఎరుపు వేశాను. ఇక అది అక్కడ కూర్చోవాల్సిన అవసరం లేదు. మిగిలింది ఎనిమిది, మా వారి దెబ్బ. కొంచెం వాలుగా ఉంది గానీ ఆయన వేసేదే. గుంట నోటి రెండు పెదాలకీ టకటకా కొట్టుకుని బయటే ఆగిపోయింది.

ఆ పైన వాళ్ళమ్మాయి పది వేసింది, అబ్బాయి పదిహేను వేశాడు, అమ్మాయి పన్నెండుని ఇప్పుడు ఖాళీ అయిన ఎడమ మూలలోకి పంపింది, అబ్బాయి ఎనిమిది వేశాడు. అయిపోయింది. ఓడిపోయాం.

అందరూ సమోసాల దగ్గర చేరాక ఆ వెనక గొంతు పెద్దమనిషే వచ్చి, "మీరు అప్పుడే ఎరుపు వేసేసి ఉంటే గెలిచేవాళ్ళు సార్" అన్నారు. నేను పక్కనే కాగితం ప్లేట్లు అందిస్తున్నాను. మా వారు సమోసా విరుస్తూ, "వేసుంటే నాలుగు నిమిషాలు ముందే ఓడేవాళ్ళం. ఆవిడ గెలిచే ఆట నా చేతికిచ్చింది, పోగొట్టింది నేను" అన్నారు. ప్లేట్లు ఇంకా ఉన్నాయి, పంచుతూ ముందుకెళ్ళిపోయాను. అక్కడ ఆగితే కళ్ళు చెప్పేస్తాయి.

ఈ ఆటకీ ఇంటి డబ్బుకీ ముడిపెట్టడం నా ఊహ కాదు, ఆయనదే. రెండు రోజుల తర్వాత రాత్రి చపాతీలు తింటూ, "ఆ డిపాజిట్టు ఎర్ర బంతి అంటావా?" అని అడిగారు. నేను అప్పటిదాకా అలా అనుకోలేదు. ఆలోచిస్తే నిజమే అనిపించింది. ఏ పనీ చెయ్యకుండా బ్యాంకులో కూర్చుని ఉన్నట్టుంటుంది. కానీ అది అక్కడ ఉండబట్టే అత్తగారి మోకాలి ఆపరేషన్ మాట వచ్చినప్పుడు మేం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. అమ్మాయి చదువు గురించి అర్ధరాత్రి లేచి కూర్చోలేదు.

"ఎప్పటికీ వెయ్యొద్దనడం లేదండీ. ముందు ఆరుని ఊడదియ్యాలి కదా" అన్నాను.

"అంటే?"

అప్పుడు చెప్పాను. నేను ఆయన స్నేహితుడితో "చూద్దాం" అని ఊరుకోవడమూ సరైన సేఫ్టీ కాదు, అంచు తాకని దెబ్బ లాంటిది. మనమూ ఏదో ఒకటి కదపాలి. ఆ స్థలం లీజు కాగితం చూపించమనండి, ఎన్నేళ్ళకి రాయించారో చూద్దాం. ఆయన ఇప్పటికే నడుపుతున్న కొట్టు లెక్కలు ఒక మూడు నెలలవి అడగండి. వాటాకి పత్రం ఎవరు రాస్తారో, మధ్యలో వద్దనుకుంటే డబ్బు ఎలా వెనక్కి వస్తుందో రాసిమ్మనండి. బల్ల మీద ఏముందో కనపడితే వేద్దాం, నేనే సంతకం పెడతాను. కనపడకపోతే, అవతలివాళ్ళే గోడకి కొట్టి తిప్పుకోనివ్వండి.

మా వారు చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి, "వాడు నొచ్చుకుంటాడేమో" అన్నారు.

"కాగితం అడిగితే నొచ్చుకునే స్నేహం పన్నెండు లక్షలు ఇచ్చాక ఏమవుతుందండీ?"

ఫోన్ తీసి అప్పుడే మెసేజ్ పెట్టారు. అవతలి నుంచి "తప్పకుండా రా, రేపే పంపిస్తా" అని వచ్చింది. రేపు అంటే మనకందరికీ తెలిసిందే. ఫిబ్రవరి అయింది. మార్చి వచ్చింది. డిపాజిట్ తీరిన రోజు బ్యాంకుకి ఇద్దరం కలిసే వెళ్ళి ఇంకో ఏడాదికి తిరిగి వేసొచ్చాం. ఆ ఫుడ్ కోర్టు మునిగిందా, తేలిందా అంటే, అది ఇంకా మొదలే కాలేదు. రేపు బ్రహ్మాండంగా నడవచ్చు కూడా. నడిస్తే సంతోషం, వెళ్ళి తిని వస్తాం.

మా మధ్యాహ్నం గుంపు ఇప్పుడు ఏడుగురం. గురువారాలు ఒక కొత్త పద్ధతి పెట్టుకున్నాం. ఆ రోజు ఎవరూ బంతి వెయ్యకూడదు, అన్నీ సేఫ్టీలే. ఎదుటివాళ్ళకి దారి దొరికిందంటే ఇచ్చినవాళ్ళు ఓడినట్టు, టీ పెట్టాలి. ఐదో అంతస్తు అమ్మాయికి ఇంటి నుంచి పని ఉన్న రోజుల్లో మధ్యలో పావుగంట వచ్చి వెళ్తుంది. ఇప్పటిదాకా ఒక్కసారీ టీ పెట్టలేదు ఆ పిల్ల.

మా వారేమో రాత్రి అందరూ వెళ్ళిపోయాక ఆరునీ ఎనిమిదినీ కుడి అంచు పక్కన అతికించి పెట్టుకుని ఆ మెత్తటి దెబ్బ సాధన చేస్తున్నారు. నన్ను పిలిచి చూపించారు. తెల్ల బంతి ఆరుని ముట్టుకుని, ఎనిమిదిని దాటి, బల్ల అటు చివరిదాకా దొర్లుకుంటూ వెళ్ళిపోయింది.

"కొంచెం బలం ఎక్కువైంది కదా?" అన్నారు.

"కొంచెమే" అన్నాను.